మాధ్యమిక తరగతులలో భౌతిక రసాయన శాస్త్రము: తల్లిదండ్రు లెఱుగవలసిన సంగతులు

జూన్ నెలలో బడులు తెఱచిన పిమ్మట ఎనిమిదవ తరగతిలో చేరిన పిల్లలు ఇంటికి తెచ్చు పుస్తకముల కట్టలో ఒక క్రొత్త పేరు కనబడును. ఆఱు, ఏడు తరగతులలో ‘సామాన్య శాస్త్రము’ అను పేర ఒకటిగా నున్న విషయము ఇచట రెండు పాయలగును. ఒకటి జీవశాస్త్రము. చెట్టు, పురుగు, మానవదేహము మొదలగువానిని గూర్చి అది చెప్పును. రెండవది భౌతిక రసాయన శాస్త్రము. పదార్థములు, వాని మార్పులు, బలము, ఘర్షణ, పీడనము, వేడి, వెలుతురు, ధ్వని, విద్యుత్తు, మంట — ఇవి యన్నియు దీనిలోనివి. దీనిని బోధించు ఉపాధ్యాయుని మన బడులలో పిల్లలు ‘పి.ఎస్. సారు’ అని పిలుతురు.

పేరు వినినంతనే పెక్కుమంది తల్లిదండ్రులు వెనుకంజ వేయుదురు. ఇది తమకు తెలియని చదువనియు, పిల్లలను ప్రశ్నించుటకు తాము తగమనియు తలంచి ఊరకుందురు. మేమీ వ్యాసమున ముఖ్యముగా అట్టి వారితో మాటలాడదలచితిమి. గుంటూరు, ప్రకాశము జిల్లాల మెట్ట పొలములలో — 2022లో ఏర్పడిన పల్నాడు, బాపట్ల జిల్లాలలోనికి పోయిన గ్రామములతో సహా — పత్తియు మిరపయు పండించు కుటుంబమునకు ఈ శాస్త్రము యొక్క ముడిసరుకు చాలవఱకు చేతిలోనే యున్నది. కల్లములో కాయ లెండుట, జిన్నింగు మిల్లు వాకిట పత్తి తేమ చూచుట, బావినీరు ఉప్పన గుట, తొలకరిలో పిడుగు పడుట — ఇవన్నియు ఈ పుస్తకములోని పాఠములే. ఇంటిలో దొరకనిది కొలత, కారణము. ఆ రెండిటిని నేర్పుటకే ఈ తరగతి. అవి ఒక్కనాటిలో వచ్చునవి కావు. ఒక పాఠముపై నొకటి నిలుచును. నడుమ కొన్ని వారములు బడి మానినచో ఏమగునో తరువాత చెప్పుదుము.

పాఠ్యపుస్తకము మొదట చూడుడు. మన రాష్ట్రమున ఇటీవలి సంవత్సరములలో ద్విభాషా పుస్తకములు వచ్చినవి. ఒక పుటలో ఆంగ్లము, దాని కెదుటి పుటలో అదే పాఠము తెలుగులో నుండును. ఇది తల్లిదండ్రులకు గొప్ప సదుపాయము. పిల్లవాడు తరగతిలో ఆంగ్లముననే పాఠము వినినను, రాత్రి భోజనానంతరము తెలుగు పుటను బిగ్గరగా చదివింపవచ్చును. ‘డెన్సిటీ’ అను శబ్దమును నూఱుమార్లు వల్లించుటకంటె ‘సాంద్రత’ అను మాటను ఒకసారి విని, నూనె నీటిపై ఎందుకు తేలునని అడిగిన బిడ్డకు ఆ పాఠము వచ్చినట్లే. ఏండ్లు గడచుకొలది పుస్తకములలో పాఠముల వరుస మారుచుండును. సారము మాత్రము ఇంచుమించు ఇదియే.

బరువు, ద్రవ్యరాశి

ఈ తరగతిలో పిల్లలు ఇంటివారిని విసిగించు ప్రశ్న యొకటి కలదు: “నాన్నా, కాటా చూపేది భారమా, ద్రవ్యరాశియా?” వాడుకలో మనము రెండిటిని బరువే యందుము. శాస్త్రమున ద్రవ్యరాశి యనగా వస్తువునందున్న పదార్థపు మొత్తము. దీనిని కిలోలలో చెప్పుదురు. భారమనగా భూమి ఆ వస్తువును తనవైపునకు లాగు బలము; దీనిని న్యూటనులలో చెప్పుదురు. 40 కిలోల మిరప టిక్కీని చంద్రునిపైకి చేర్చినా మనుకొందము. అందులో ఒక్క కాయయు తగ్గదు. కాని ఎత్తువానికి అది ఇచటి 7 కిలోల మూటవలె తేలికగా తోచును. ఒకవైపు తూకపురాళ్ళు వేయు తక్కెడ అక్కడను 40 కిలోలనే చూపును. స్ప్రింగు కాటా మాత్రము తగ్గించి చూపును. ఎందుచేతనని ఆలోచించిన పిల్లవానికి కాటాల మర్మము కొంత తెలిసినట్లే.

కొలతల పాఠము పొలమునకు నేరుగా వచ్చును. లీటరు నీటికి 2 మిల్లీలీటర్లని డబ్బాపై వ్రాసిన మందును 16 లీటర్ల ట్యాంకున కెంత కలుపవలెను? లెక్క సులభము: 32 మిల్లీలీటర్లు. కాని మూతతో ఉజ్జాయింపుగా పోయువారు ఎందఱో కలరు. మూత పరిమాణము డబ్బాకొక తీరుగా నుండును. కొలపాత్ర వాడవలెనని ఎనిమిదవ తరగతి పిల్ల చెప్పినచో, తండ్రి చిన్నబుచ్చుకొనక వినుట మంచిది. లెక్క చెప్పుట వఱకే పిల్లల పని. మందును వారిచే ముట్టింపరాదు.

పీడనపు పాఠమునకు చుట్టకుదురు చాలును. మూట బరువు మారకున్నను, తలపై అది ఆనుచోటు విశాలమైనచో నొప్పి తగ్గును. బలమును వైశాల్యముతో భాగించినది పీడనము. తడిసిన నల్లరేగడిలో ఎద్దుకాలు దిగబడుటకును, ట్రాక్టరుకు వెనుక వెడల్పైన చక్రము లుండుటకును కారణ మిదియే.

ఆమ్లములు, క్షారముల పాఠము ఏడవ తరగతికి చెందినది. దానిని గూర్చి మన స్త్రీలకు చెప్పవలసినది లేదు. పసుపులో సున్నము కలిపిన ఎఱ్ఱనగును. పారాణి అట్లే వచ్చినది. దుగ్గిరాల పసుపు పండు ప్రాంతమువారికి లిట్మసు కాగితము లేదని చింత యేల? పసుపు పూసి ఆరబెట్టిన కాగితముపై సబ్బునీరు పడిన ఎఱ్ఱబాఱును, దానిపై నిమ్మరసము పడిన తిరిగి పచ్చనగును. ఇంతే పాఠము.

కల్లములో ఆవిరి

ఇక మన ప్రాంతమున అన్నిటికంటె విస్తారముగా చెప్పుకొనదగిన పాఠము బాష్పీభవనము, అనగా నీరు ఆవిరియగుట. పుస్తకము దీనిని తడిగుడ్డ లారవేయు దృష్టాంతముతో చెప్పును. మేము మిరపకల్లమునే చూపుదుము. పండుకాయ కోసితెచ్చినప్పుడు దానిలో నూటికి 70 పాళ్ళు నీరున్నదనుకొనుడు. 100 కిలోల పండుకాయలో 30 కిలోలు మాత్రమే పొడిపదార్థము. ఎండిన కాయలో నూటికి 10 పాళ్ళు తేమ మిగిలినచో, ఆ 30 కిలోలు ఎండుకాయ బరువులో 90 పాళ్ళగును. అనగా చేతికివచ్చు ఎండుకాయ ఇంచుమించు 33 కిలోలు. తక్కిన 67 కిలోలు నీరై గాలిలో కలసినది. ఒక కమతము కల్లమునుండి ఒక్క కోతలో ఎన్ని బిందెల నీరు ఆకాశమున కెక్కుచున్నదో పిల్లలచేత లెక్కవేయింపుడు, సరదాపడుదురు.

ఈ నీరు త్వరగా పోవుటకు నాలుగు హేతువులు కలవు: ఎండ వేడిమి, గాలి వీచుట, కాయ గాలికి తగులు పైభాగము, గాలిలో అంతకుముందే యున్న తేమ. కాయలను పలుచగా పఱచుట, నడుమ నడుమ కాలితో గాని పారతో గాని త్రిప్పుట పైభాగమును పెంచుటకే. మబ్బు పట్టి గాలి స్తంభించిన దినమున కాయ ఎందుకు మెత్తబడునో నాలుగవ హేతువు చెప్పును. రాత్రి పోగుచేసి పట్టా కప్పుట మంచువలన. గాలిలోని ఆవిరి చల్లని వస్తువును తాకి నీటిబొట్టగును. దీనిని సాంద్రీకరణ మందురు. చల్లని నీరు పోసిన స్టీలుగ్లాసు వెలుపల చెమ్మపట్టుటయు ఇదియే. చక్కగా ఎండని కాయకు బూజు పట్టును. బూజులో కొన్ని జాతులు అఫ్లాటాక్సిన్ అను విషము పుట్టించును. అట్టి సరుకు తినువారికి చేటు, అమ్మువారికి నష్టము. కనుక ఈ పాఠమును మార్కుల పాఠమని మాత్రమే చూడరాదు.

పత్తిలో లెక్క ఇంకను సూక్ష్మము. భారత పత్తి సంస్థవారి కొనుగోలు కేంద్రములలో 8 శాతము తేమ వఱకు పూర్తి మద్దతు ధర, అంతకు మించి 12 శాతము వఱకు తేమను బట్టి తగ్గించిన ధర ఇచ్చుట రివాజు; 12 దాటిన పత్తిని తీసికొనరు. ఇచట రైతునకు తెలియవలసిన లెక్క యొకటి యున్నది. 12 శాతము తేమగల 100 కిలోల పత్తిని ఎండలో ఆరబెట్టి 8 శాతమునకు తెచ్చినచో ఎంత మిగులును? నాలుగు శాతము పోయినది గనుక 96 కిలోలని తొందరపడి చెప్పుదురు. అది సరికాదు. మొదట 12 కిలోలు నీరు, 88 కిలోలు పొడి. ఆ 88 మారదు. ఆరిన పిదప అది మొత్తములో 92 పాళ్ళు. 88ని 92తో భాగించి 100తో హెచ్చింపగా 95.65 కిలోలు వచ్చును. పోయిన బరువు 4 కిలోలకంటె ఎక్కువ, 4.35. తగ్గిన బరువువలన నష్టమెంత, పెరిగిన ధరవలన లాభమెంత అని పోల్చుకొని, ఆరబెట్టుటయా మానుటయా నిర్ణయించుకొనవచ్చును. ఈ లెక్క ఎనిమిదవ తరగతి పిల్లకు సాధ్యమే. మార్కెటుకు బండి కట్టుటకు ముందు ఆమె నొకసారి అడిగి చూడుడు.

ఆ కేంద్రములలో పత్తిలో గ్రుచ్చి చూచు మాయిశ్చరు మీటరు సైతము ఈ పుస్తకములోని పాఠమే. పొడిపత్తిలో విద్యుత్తు పాఱుట మిక్కిలి కష్టము. తేమ పెరిగినకొలది సులభమగును. ఎంత సులభముగా పాఱినదో కొలిచి, దానిని తేమ శాతముగా మార్చి సాధనము చూపును. కుప్ప పైన గ్రుచ్చినచో ఒకటి, లోపల గ్రుచ్చినచో మఱియొకటి చూపుట సహజము. కనుకనే పలుచోట్ల గ్రుచ్చి సగటు చూడుమని అడుగు హక్కు రైతునకు కలదని మా అభిప్రాయము.

తేటనీటిలో కనబడనిది

ఆఱవ తరగతిలో మిశ్రమములను వేఱుచేయుట అను పాఠము వచ్చును. చేటతో చెరుగుట, జల్లించుట, తేర్చుట, వడకట్టుట, ఆవిరి చేయుట. ఇవి ఇంటిపనులే గదాయని పిల్లలును పెద్దలును తేలికగా దాటిపోవుదురు. కాని ప్రకాశము ప్రాంతమున ఈ పాఠము ప్రాణముతో ముడిపడినది.

బురదనీటిలోని మన్ను నీటిలో తేలియాడుచుండును. గుడ్డతో వడకట్టిన నిలుచును. ఉప్పు కరగిన నీరు తేటగా నుండును. ఎన్ని మడతల గుడ్డతో వడకట్టినను ఉప్పు నిలువదు. తేలియాడునది వేఱు, కరగినది వేఱు. కనిగిరి, పొదిలి, దర్శి ప్రాంతముల భూగర్భజలములలో ఫ్లోరైడు అట్లు కరగి యున్నది. భారతదేశమున ఫ్లోరోసిస్ వ్యాధిని మొట్టమొదట గుర్తించి వైద్యులు ప్రకటించినది 1937లో, నాటి మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లాయందు. ప్రకాశము జిల్లా 1970లో ఏర్పడువఱకు పైన చెప్పిన మూడు తాలూకాలును ఆ జిల్లాలోనివే. త్రాగునీటిలో లీటరునకు 1 మిల్లీగ్రాము వఱకు ఫ్లోరైడు ఉండవచ్చుననియు, వేఱు నీరు దొరకనిచో 1.5 వఱకు సహింపవచ్చుననియు మనదేశపు ప్రమాణము. అంతకు మించిన నీటిని చిన్ననాటినుండి త్రాగినవారికి పండ్లపై గోధుమరంగు చారలు పడును. ఏండ్ల తరబడి త్రాగినచో ఎముకలు కీళ్ళు బిగిసి నడుము వంగును.

ఇచట జరుగు పెద్ద పొరపాటు నీటిని కాచుట. కాచినచో సూక్ష్మజీవులు చచ్చును. అది నిజము, అవసరమును. కాని ఫ్లోరైడు పోదు. 10 లీటర్ల నీటిని 9 లీటర్లగు వఱకు మరిగించినచో, పోయినది నీరు మాత్రమే. కరగిన ఫ్లోరైడు అంతయు మిగిలిన 9 లీటర్లలో చిక్కబడును. ఆవిరి చేయుట పాఠములో ఉప్పు గిన్నె అడుగున మిగులుట చూచిన పిల్లవానికి ఈ సంగతి ఒకరు చెప్పనక్కఱలేదు. నాగపూరులోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగు పరిశోధన సంస్థ వారు పటికను, సున్నమును కలిపి, కలచి, తేర్చి, వడకట్టి ఫ్లోరైడును తగ్గించు పద్ధతిని రూపొందించిరి. దానికి మన తెలుగునాటి పేరే పెట్టిరి: నల్లగొండ పద్ధతి. మోతాదు నీటి గుణమును బట్టి మారును గనుక దానిని నీటిపరీక్ష తరువాత, తెలిసినవారి పర్యవేక్షణలో చేయవలెను. ఇంటిలో ఊహపై చేయదగినది కాదు. ఊరి బావినీటిని పరీక్షకు పంపితిరా, ఫలిత మేమి అని గ్రామ పంచాయతీని అడుగుట మాత్రము పిల్లలు ప్రాజెక్టు పనిగా చేయదగినదే.

విద్యుత్తు, పిడుగు

ద్రవములలో విద్యుత్తు పాఱు కృత్యమునకు రెండు టార్చి సెల్లులు, ఒక చిన్న ఎల్.ఇ.డి. దీపము, రెండు తీగలు కావలెను. స్వేదనజలములో తీగలు ముంచిన దీపము వెలుగదు. చిటికెడు ఉప్పు వేసిన వెలుగును. నిమ్మరసములోను వెలుగును. మన బోరునీటిలో ఇదివఱకే లవణములు కరగియుండును గనుక అది విద్యుత్తును బాగుగా పాఱనిచ్చును. తడిచేతులతో పొలములోని మోటారు స్టార్టరును ముట్టి ఏటేట ప్రాణములు పోవుచున్న కారణ మిదియే. తరగతిలో ఈ కృత్యము సెల్లులతోనే చేయవలెను. ఇంటి కరెంటుతో ఎన్నడును చేయరాదు. ఈ మాట పుస్తకము చెప్పును, ఉపాధ్యాయుడు చెప్పును, తల్లిదండ్రులును చెప్పవలెను.

మెఱుపు, పిడుగు ఎనిమిదవ తరగతిలోని సహజ దృగ్విషయముల పాఠములో వచ్చును. మెఱుపు కనబడిన క్షణమునుండి ఉఱుము వినబడు వఱకు సెకనులు లెక్కించి 3తో భాగించినచో పిడుగు ఎన్ని కిలోమీటర్ల దూరమున పడినదో ఇంచుమించుగా తెలియును. ధ్వని గాలిలో సెకనునకు సుమారు 340 మీటర్లు పోవుటచే ఈ లెక్క వచ్చినది. 30 సెకనులలోపు ఉఱిమినచో పని నిలిపి పక్కా ఇంటిలోనికి గాని, తలుపులు మూసిన వాహనములోనికి గాని పోవలెను. చదునైన పత్తిచేలో ఒంటరి వేపచెట్టు క్రిందికి పరుగెత్తుట మనవారికి అలవాటు. పరిసరములలో ఎత్తైన వస్తువుపైననే పిడుగు పడుటకు అవకాశ మెక్కువ గనుక ఆ చెట్టే మృత్యుస్థానము. రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ పంపు హెచ్చరిక సందేశములు సెల్‌ఫోనుకు వచ్చినప్పుడు చదివి కూలీలకు చెప్పు పనిని ఇంటిలోని విద్యార్థి కప్పగించుట బాగుండును.

తరగతి నడచు తీరు

మంచి ఉపాధ్యాయుడు పాఠమును సూత్రముతో మొదలుపెట్టడు. ఒక ప్రశ్న వేయును. ఏమగునో ఊహించి వ్రాయుడనును. పిమ్మట చేసి చూపును, లేక పిల్లలచే చేయించును. పుస్తకమున ‘కృత్యము’ అని యున్నచోట్ల ఇది జరుగవలెను. పిల్లవాని నోటుపుస్తకములో ఏ వస్తువులు వాడినది, ఏమి చేసినది, ఏమి చూచినది, దానివలన ఏమి తెలిసినది వరుసగా నుండి, భాగముల పేర్లతో బొమ్మ ఉండవలెను. ఊహ తప్పిన పిల్లను నవ్వరాదు. ఊహ తప్పుట ఈ శాస్త్రమున సిగ్గుపడవలసిన పని కాదు. తప్పిన ఊహను కొట్టివేసి అందముగా మార్చి వ్రాయుటయే చెఱుపు. నోటుపుస్తకమంతయు ఒక్క కొట్టివేతయు లేక గైడునుండి ఎత్తివ్రాసినట్లున్నచో, ఆ తరగతిలో కృత్యములు జరుగుట లేదని గ్రహింపవచ్చును. అట్టి నోటుపుస్తకమునకు పూర్తి మార్కులు పడుచుండుట మఱియు విచారకరము.

ప్రయోగశాల లేదను మాట తఱచు వినుచుందుము. ఉన్నత తరగతులకు అది నిజమైన లోటే. కాని మాధ్యమిక తరగతుల కృత్యములలో అధికభాగము వంటింటి వస్తువులతో జరుగును. 1972లో మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాదు జిల్లాలో 16 పల్లెబడులలో ఇట్టి విజ్ఞాన బోధన ప్రారంభమైనది. పిల్లలు చిన్న గుంపులుగా కూర్చుండి, చవుక సామగ్రితో తామే ప్రయోగములు చేసి, తామే వ్రాసికొనిరి. పరీక్షలో పుస్తకము చూచుకొనుటకు అనుమతి యుండెను. ప్రయోగము చేసి చూపు పరీక్షయు ఉండెను. తరువాత జిల్లా అంతటికిని ప్రాకి, 2002లో ప్రభుత్వ నిర్ణయముచే అది ఆగిపోయినను, పల్లెపిల్లలు శాస్త్రమును చేసి నేర్వగలరని ముప్పది యేండ్లు చూపినది. అంతకు మున్ను 1860–61 చలికాలమున లండను నగరమున మైకేల్ ఫారడే బాలబాలికల కొఱకు ఆఱు ఉపన్యాసము లిచ్చెను. ఆఱిటికిని ఆధారము ఒక్క కొవ్వొత్తి. ఆయన కమ్మరి కొడుకు. బాల్యమున పుస్తకములు బైండు చేయు దుకాణమున పని నేర్చినవాడు. మన ఎనిమిదవ తరగతి దహనము పాఠములో కొవ్వొత్తి మంట మూడు మండలములుగా నుండునని చెప్పు భాగమును పిల్లవాడు చదువునప్పుడు, కరెంటు పోయిన రాత్రియే దానిని చూచుటకు మంచి సమయము.

కోతల కాలము

మన ప్రాంతమున పత్తితీత అక్టోబరు మొదలు జనవరి వఱకు, మిరపకోత జనవరినుండి మార్చి, ఏప్రిలు వఱకు సాగును. బడి సంవత్సరపు రెండవ సగమంతయు ఇందులోనే పడినది. కూలి దొరకని రోజులలో పెద్దపిల్లను చేనికి తీసికొనిపోవుట, లేక పసివానిని చూచుకొనుటకు ఇంటనుంచుట పలు ఇండ్లలో జరుగుచున్నదే. ‘నాలుగు దినములే గదా’ అందురు. తెలుగు వాచకములో ఒక పద్యము తప్పినచో తరువాతి పద్యము చదువవచ్చును. భౌతికశాస్త్రమున అట్లు కుదరదు. బలము తెలియనిదే పీడనము తెలియదు. పీడనము తెలియనిదే తొమ్మిదవ తరగతిలోని తేలుట, మునుగుట తెలియదు. కరగుట తెలియనిదే ఆమ్లములు తెలియవు. ఆమ్లములు తెలియక ద్రవములలో విద్యుత్తు అర్థము కాదు. మూడు వారములు మానివచ్చిన పిల్ల తరగతిలో ఏమియు అడుగదు. అడుగనందున ఎవరికిని తెలియదు. పదవ తరగతిలో భౌతికశాస్త్రపు పరీక్షాపత్రము చేతికి వచ్చినప్పుడు తెలియును. అప్పటికి ‘దీనికి లెక్కలు, సైన్సు రావు’ అని ఇంటివారు తీర్మానించి యుందురు. పెక్కుచోట్ల బాలికల చదువు ఆగునది ఈ తీర్మానముతోనే.

చట్టము స్పష్టముగా నున్నది. 2009 నాటి విద్యాహక్కు చట్టము 6 నుండి 14 ఏండ్ల పిల్లలందఱికి ఉచిత నిర్బంధ విద్య ననుగ్రహించినది. బాలకార్మిక చట్టమునకు 2016లో చేసిన సవరణ ప్రకారము 14 ఏండ్లలోపు వారిని ఏ పనిలోను పెట్టుకొనరాదు. సొంత కుటుంబపు పనిలో సాయము చేయుట సైతము బడివేళల తరువాత, సెలవులలో మాత్రమే, అదియు ప్రమాదకరము కాని పనులలోనే.

పడమటి మండలములనుండియు, కర్నూలు వైపునుండియు గుంటూరు సీమకు కోతలకై వలసవచ్చు కుటుంబములు ఇంకొక సంగతి తెలిసికొనవలెను. పిల్లలను వెంట తెచ్చినచో, వచ్చిన ఊరి ప్రభుత్వ పాఠశాలలో చేర్పించు హక్కు ఆ చట్టమే ఇచ్చినది. సంవత్సరము నడుమ వచ్చితిరని చేర్చుకొననొల్లమనుటకు వీలులేదు. పాత బడి బదిలీ పత్రము ఇంకను రాలేదను కారణముతోను నిరాకరింపరాదు. వయస్సునకు తగిన తరగతిలోనే చేర్చుకొని, వెనుకబడిన పాఠములకు ప్రత్యేక శిక్షణ ఇయ్యవలెనని చట్టములో నున్నది. పొలము యజమాని, మేస్త్రి ఈ మాట కూలీలకు చెప్పి, ప్రధానోపాధ్యాయుని వద్దకు తోడుపోయినచో సగము పని తీఱును. ఊరివారు తమ పిల్లలు మానిన పాఠముల పేర్లు వ్రాసికొని ఉపాధ్యాయునికి చూపినచో, ఆయన తీఱిక చూచుకొని చెప్పుటకు వీలగును. ఏ పాఠము తప్పినదో తెలియనిచో ఆయన మాత్రమేమి చేయును?

వ్యవసాయ కుటుంబములలోని బిడ్డకు ఈ శాస్త్రమెందుకని అడుగువారికి యలవర్తి నాయుడమ్మ గారి పేరు చెప్పుదుము. 1922లో నాటి గుంటూరు జిల్లా యలవర్రు గ్రామమున రైతు కుటుంబమున జన్మించి, రసాయన సాంకేతిక విద్య నభ్యసించి, మద్రాసులోని కేంద్ర చర్మ పరిశోధన సంస్థకు అధిపతియై, పిదప దేశమునందలి శాస్త్ర పారిశ్రామిక పరిశోధన మండలి కంతటికిని డైరెక్టరు జనరలుగా పనిచేసిరి. 1985లో కనిష్క విమాన దుర్ఘటనలో మరణించిరి. ఆయన జీవితమంతయు శ్రమించిన తోళ్ళపనికి తొలి మెట్లలో నొకటి సున్నపునీరు. తోలుపైనున్న వెండ్రుకలను ఊడదీయునది అదే. మన పిల్లలు ఏడవ తరగతిలో పసుపు కాగితముపై పరీక్షించు క్షారమును అదియే.

పిల్లలలో క్రొత్త ఆలోచన గలవారికి కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖవారి ఇన్‌స్పైర్ మనక్ పథకము కలదు. బడిద్వారా పంపిన ఆలోచనలలో ఎంపికయైనదానికి నమూనా చేయుటకు 10,000 రూపాయలు ఇచ్చెదరు. మిరపకాయ త్రిప్పు సాధనమో, పత్తి తేమ తెలుపు చవుక పనిముట్టో మన పల్లెబిడ్డకు తోచినంత తేటగా పట్నపు బిడ్డకు తోచదు. పేర్లు పంపు గడువును ప్రధానోపాధ్యాయుని అడిగి తెలిసికొనుడు.

ఈ నెలలో ఎనిమిదవ తరగతి పిల్ల వంటింటిలో వెదకునవి ఇవి: రెండు నిమ్మకాయలు, చిటికెడు పసుపు, తమలపాకుల సున్నము, గుప్పెడు ఉప్పు, పాత టార్చి సెల్లులు, కొవ్వొత్తి ముక్క, ఖాళీ మందుసీసా కాని శుభ్రమైన గాజుసీసా ఒకటి. పురుగుమందు డబ్బా ఎంత కడిగినను బడికి పంపరాదు. థర్మామీటరు కొనవలసిన పనిలేదు. అది బడిలో నుండును.